బంగారు రేకు వెయ్యక ముందు

హోసూరులో మా షాపుకు బోర్డు లేదు. ఊరందరికీ పేరు బోర్డులు చేసి ఇచ్చేవాడి షాపు తలుపు పైన ఖాళీ గోడ ఉండడం చూసి వచ్చినవాళ్ళు నవ్వుతారు. చెయ్యాలని పదేళ్ళుగా అనుకుంటున్నాను. అడిగినవాళ్ళ పని ముందు, మన పని తర్వాత అన్నట్టు అది వెనక్కి పోతూనే ఉంది.

ఈ పత్రిక సంపాదకులు విద్యార్థులకు ఉపయోగపడేలా చేతిపని మీద ఒక పాఠం రాయమని అడిగారు. నేను పండితుణ్ణి కాను. చెక్కలో అక్షరాలు చెక్కి, వాటికి అసలు బంగారు రేకు అతికించే పని చేస్తాను. మా షాపు పన్నెండడుగుల గది. నేను, మా అక్క కొడుకు, ఇద్దరమే. నెలకు రెండు బోర్డులు పూర్తయితే మంచి నెల అనుకుంటాం. ఈ పని ఎలా జరుగుతుందో వరుసగా చెబుతాను. మధ్యలో నేను చేసిన తప్పులు కూడా వస్తాయి. అవి లేకుండా చెబితే పాఠం సగమే అవుతుంది.

మా నాయన బ్రష్షుతో బోర్డులు రాసేవారు. తమిళం, తెలుగు, కన్నడం, ఇంగ్లీషు నాలుగూ రాసేవారు. లారీల వెనక, సినిమా హాలు గోడ మీద, కిరాణా అంగళ్ళ పైన ఆయన చేతి రాత ఉండేది. 2000 తర్వాత ఫ్లెక్సు ముద్రణ మా వైపుకు వచ్చింది. ఆయన రెండు రోజులు రాసే బోర్డు అరగంటలో ముద్రించి ఇచ్చేవాళ్ళు. మూడు నాలుగేళ్ళలో బ్రష్షు పని దాదాపు ఆగిపోయింది. నేనప్పుడు ఐటీఐలో వడ్రంగం చదువుతున్నాను. నాయన అక్షరం, నా ఉలి కలిస్తే ఏమవుతుందో చూద్దామని మొదలుపెట్టిన పని ఇది.

ఈ విద్య ఇంగ్లండు, అమెరికాలలో బాగా పెరిగింది. అక్కడ సత్రాలకు, మందుల షాపులకు చెక్కిన బొమ్మలు, బంగారు అక్షరాలు వేలాడదీసేవాళ్ళు. లండనులో అవి వీధిలోకి ఎంతగా పొడుచుకు వచ్చాయంటే, 1762లో వచ్చిన వీధుల చట్టం తర్వాత వాటిని దించి గోడకు ఆనించి పెట్టాల్సి వచ్చింది. అమెరికాలో సేలం ఊరి శిల్పి శామ్యూల్ మెకింటైర్ చెక్కిన బంగారు గద్దలు ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నాయి. అయితే అక్షరాన్ని చెక్కడం మనకు కొత్త కాదు. కడప జిల్లా కలమళ్ళ, ఎర్రగుడిపాడు శాసనాలు 6వ శతాబ్దం నాటివి. రేనాటి చోళుల కాలంలోనే మనవాళ్ళు రాతి మీద తెలుగు చెక్కారు. చెక్క రాయికన్నా మెత్తన. కాని రాయికి లేని గుణం ఒకటి చెక్కకు ఉంది. అది కదులుతుంది. దాని సంగతి తర్వాత.

ముందు అక్షరం

చెక్కిన అక్షరాలు రెండు రకాలు. చెక్క లోపలికి గాడిలా తవ్వేది ఒకటి, చుట్టూ ఉన్న చెక్కను తీసేసి అక్షరాన్ని పైకి నిలబెట్టేది ఇంకొకటి. నేను ఎక్కువగా మొదటిదే చేస్తాను. గాడిలో ఉన్న బంగారానికి ఎండ, గాలి, తుడిచే గుడ్డ తక్కువ తగులుతాయి. అంచు లేవదు. ఎక్కువ కాలం ఉంటుంది.

ఏ రకమైనా పని ఉలితో మొదలుకాదు, కాగితం మీద మొదలవుతుంది. రోములో ట్రేజన్ స్తంభం అని ఒకటి ఉంది. క్రీ.శ. 113 నాటిది. దాని పీఠం మీది అక్షరాలు రోమన్ లిపిలో అందరికన్నా అందమైనవని పేరు. ఆ అక్షరాల కొసలు అలా విచ్చుకుని ఉండడానికి ఉలి కారణమని చాలామంది అనుకునేవారు. అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ కాటిచ్ అనే ఫాదిరీ, తానే లిపికారుడు, 1968లో ఒక పుస్తకం రాసి, వాటిని ముందు చదునైన బ్రష్షుతో రాసి ఆ తర్వాతే చెక్కారని వాదించాడు. నాకు ఈ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. నాయన మాత్రం ఎప్పుడూ అదే చెప్పేవారు. "బ్రష్షుతో రానిది ఉలితో రాదు నాయనా" అనేవారు.

తెలుగు అక్షరాలను చెక్కేటప్పుడు ఇంగ్లీషు పుస్తకాల్లో ఉన్న సలహాలు సగమే పనికొస్తాయి. అక్కడ నిలువు గీతలు, అడ్డగీతలు ఎక్కువ. మనకు అంతా గుండ్రం. గుండ్రంగా తవ్వుతూ పోతే ఉలి ఒక చోట చెక్క నార వెంట, ఇంకో చోట నారకు అడ్డంగా, మరో చోట నారకు ఎదురుగా నడుస్తుంది. ఎదురు నడిచిన చోట చెక్క పెళ్ళ లేస్తుంది. అందుకే ఒక్క 'ల' చెక్కడానికి ఉలి దిశ నాలుగైదుసార్లు మార్చాలి.

దానికన్నా పెద్ద చిక్కు తలకట్టుతో వస్తుంది. 'ప'కూ 'వ'కూ తేడా ఏమిటి? 'వ'లో తలకట్టు ఒంటికి అతుక్కుని ఉంటుంది, 'ప'లో విడిగా ఉంటుంది. కాగితం మీద ఆ సందు వెంట్రుక వాసి ఉన్నా కన్ను పట్టుకుంటుంది. చెక్కలో అలా కాదు. రెండు గాళ్ళ మధ్య మిగిలే గోడ సన్నగా ఉంటే ఉలి దెబ్బకు విరిగిపోతుంది. గోడ విరిగితే 'ప' కాస్తా 'వ' అయి కూర్చుంటుంది. మా షాపులో ఆ గోడ 4 మిల్లీమీటర్లకు తగ్గకూడదని నియమం. తలకట్టును నాయన రాసేదానికన్నా కొంచెం ఎత్తుగా గీస్తాం. కాగితం మీద చూస్తే అది కాస్త ఎగిరిపోతున్నట్టు ఉంటుంది. పది అడుగుల ఎత్తులో బోర్డు కట్టాక సరిగ్గా కనిపిస్తుంది.

కన్నడంలో తలకట్టు అడ్డంగా పడుకుని ఉంటుంది కాబట్టి దాని కొలత వేరు. కర్ణాటకలో 2024లో సవరించిన చట్టం ప్రకారం బోర్డులో 60 శాతం కన్నడం ఉండాలి, అదీ పై సగంలో. ఆ ఏడు మొదట్లో బెంగళూరు అంగళ్ళన్నీ బోర్డులు మార్చుకునే హడావిడిలో మాకూ కొన్ని పనులు వచ్చాయి. ఇటు తమిళనాడులో తమిళం ముందు, తమిళం పెద్దదిగా ఉండాలి. సరిహద్దులో ఉన్నవాడికి మూడు లిపులు చేతిలో ఉండక తప్పదు. మా అక్క కొడుకు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు కాని చదవడం రాదు. 2006 చట్టం వచ్చాక తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. మా వైపు పిల్లలు చాలామంది తెలుగు అక్షరం వదిలేశారు. వాడు తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఉలితోనే. 'ఠ'లో చుక్క ఎందుకు, 'ర'లో ఎందుకు లేదు అని వాడు అడిగిన రోజున నేను నాలుగు నిమిషాలు ఆలోచించాను. పుట్టినప్పటి నుంచి చూస్తున్నవాడికి అలాంటి ప్రశ్న రాదు.

గీసిన కాగితాన్ని గీత వెంట సూదితో గుచ్చుతాం. పలక మీద పరిచి, పలుచటి గుడ్డలో కట్టిన సుద్దపొడి మూటతో తట్టితే చుక్కలు చుక్కలుగా అక్షరం దిగుతుంది. వాటిని పెన్సిలుతో కలుపుకోవాలి. ఈ కాగితం పారెయ్యకూడదు. బోర్డు విరిగినా, కాలినా అదే అక్షరం మళ్ళీ చెయ్యవచ్చు. నాయన కాగితాలు ఇప్పటికీ మా అటక మీద చుట్టలుగా ఉన్నాయి.

చెక్క

మేము వాడేది టేకు. ఖరీదు ఎక్కువే కాని వానకు, చెదకు తట్టుకుంటుంది. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు దొరికే దూలాలు ఇంకా మేలు. వాటి కదలిక ఎప్పుడో తీరిపోయి ఉంటుంది.

చెక్క కదులుతుంది అన్నాను కదా. గాలిలో తేమ పెరిగితే అది ఉబ్బుతుంది, తగ్గితే కుంగుతుంది. ఈ కదలిక నార పొడుగునా దాదాపు ఉండదు, నారకు అడ్డంగానే ఉంటుంది. రెండడుగుల వెడల్పు బోర్డుకు ఒకే పలక వాడితే వంకర తిరుగుతుంది. అందుకే నాలుగంగుళాలకు మించని పట్టీలు కోసి, చిత్రిక పట్టి, పక్కపక్కన అతికిస్తాం. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అతికించే ముందు అంచులను థిన్నరు గుడ్డతో తుడవాలి. తుడవకపోతే జిగురు పట్టదు. బోర్డు వెనక వైపు కూడా ముందు వైపు వేసినన్ని పూతలు వెయ్యాలి. వెనక ఎవరు చూస్తారని వదిలేస్తే తేమ అటునుంచి మాత్రమే లోపలికి పోయి పలక గిన్నెలా వంగుతుంది. గోడకు బిగించే రంధ్రాలను గుండ్రంగా కాక నిడుపుగా చేస్తే చెక్క కదలడానికి చోటుంటుంది.

విదేశాల్లో ఇప్పుడు చాలామంది చెక్క మానేసి గట్టి యురేథేన్ ఫోమ్ పలకలు వాడుతున్నారు. దానికి నార లేదు, కుళ్ళదు, ఉలి ఎటు నడిపినా ఒకటే. కంప్యూటరుతో నడిచే రౌటరు యంత్రం గంటలో కోసి పెడుతుంది. నాకు దాని మీద కోపం లేదు. పెద్ద బోర్డులకు నేను కూడా బయట యంత్రం మీద కోయించి, మూలలు చేత్తో సరిచేసుకుంటాను.

కోత, అందులో దాగిన లెక్క

పదో తరగతి పిల్లలు ఈ భాగం జాగ్రత్తగా చదవాలి. నేను చదవలేదు కాబట్టే నష్టపోయాను.

గాడి అడ్డుకోత ఇంగ్లీషు 'వి' ఆకారంలో ఉంటుంది. మొదట అక్షరం నడుమ గీత మీద ఉలి నిలబెట్టి దించుతాం. తర్వాత రెండు పక్కల నుంచి ఆ గీతకు వాలుగా కోసుకుంటూ వస్తాం. ఆ రెండు వాలు గోడల మధ్య కోణం ఎంత ఉండాలన్నది మన ఇష్టం. 60 డిగ్రీలు అయితే గాడి లోతుగా ఉంటుంది, నీడ బాగా పడుతుంది. 90 డిగ్రీలు అయితే లోతు తక్కువ, వెలుగు ఎక్కువ.

అక్షరం గీత వెడల్పు 15 మిల్లీమీటర్లు అనుకోండి. కోణం 60 డిగ్రీలు అయితే పై వెడల్పు, రెండు గోడలు కలిసి సమబాహు త్రిభుజం అవుతుంది. అంటే ఒక్కో గోడ కూడా 15 మిల్లీమీటర్లే. రెండూ కలిపి 30. కంటికి కనిపించే వెడల్పు 15, బంగారం అతికించాల్సింది 30. సరిగ్గా రెట్టింపు. 90 డిగ్రీలు అయితే ఒక్కో గోడ సుమారు 10.6 మిల్లీమీటర్లు, రెండూ కలిపి 21. లోతులు కూడా చూడండి. మొదటిది 13 మిల్లీమీటర్లు, రెండోది ఏడున్నర.

ఇది తెలియనివాడు కాగితం మీది అక్షరాన్ని కొలిచి రేకు కొంటాడు. ఆ తెలియనివాడు ఎవరో ఇంకాసేపట్లో చెబుతాను.

అడుగు పూత

బంగారు రేకు ఎంత పలచన అంటే, మిల్లీమీటరులో పదివేలవ వంతు. దీపానికి అడ్డం పెట్టి చూస్తే రేకు గుండా ఆకుపచ్చ వెలుగు కనిపిస్తుంది. ఇంత పలచని వస్తువు దేన్నీ దాచలేదు. కింద ఉన్న గరుకు, ఉలి గీత, దుమ్ము రేణువు ఏదున్నా మెరిపించి మరీ చూపిస్తుంది. కాబట్టి మా పనిలో బంగారం వేసే సమయం ఒక పూట, దాని కింద నేల సిద్ధం చేసే సమయం వారం.

నేను రేకు అతికించడం మొదట నేర్చుకున్నది తంజావూరులో. మా మేనమామ అక్కడ పటాల షాపులో పనిచేసేవాడు. తంజావూరు పటాలు వేసే కుటుంబాల్లో తెలుగు మాట్లాడే రాజులు ఉన్నారని, వాళ్ళ పెద్దలు రాయలసీమ నుంచి వెళ్ళారని చాలామందికి తెలియదు. నాయక రాజుల కాలంలో వేళ్ళూనిన ఆ కళను తర్వాత మరాఠా రాజు రెండో శరభోజి ఆదరించాడు. ఆ పటాల్లో నగలు ఉబ్బెత్తుగా ఉంటాయి కదా. సుద్దపొడిని జిగురుతో కలిపి ముద్ద చేసి, నగ ఆకారంలో పెట్టి, దాని మీద బంగారు రేకు అతికిస్తారు. వేసవి సెలవుల్లో రెండు నెలలు మామ పక్కన కూర్చుని చూశాను. వచ్చి మొదటి బోర్డుకు అదే సుద్దముద్ద వాడాను. గాళ్ళలో నున్నగా పూసి, మీద రేకు వేస్తే అద్దంలా వచ్చింది. నాయన కూడా మెచ్చుకున్నారు. వానాకాలం మొదటి వారంలో ముద్ద నీళ్ళు తాగి ఉబ్బి, రేకుతో సహా పెళ్ళలుగా రాలింది. పటం దేవుడి గదిలో అద్దం వెనక ఉంటుంది. బోర్డు వీధిలో ఉంటుంది. ఆ మాట మామ నాకు చెప్పలేదు, అడగాలని నాకు తోచలేదు.

ఆరుబయట బోర్డుకు నీళ్ళకు కరగని అడుగే కావాలి. చెక్కను థిన్నరుతో తుడిచి, నూనె ప్రైమరు మూడు పూతలు వెయ్యాలి. ప్రతి పూత ఎండాక సన్న ఉప్పు కాగితంతో రుద్దాలి. ప్రైమరు మరీ చిక్కగా ఉంటే గాడి అడుగున చేరి పదును పోతుంది, 'ప' సందులు పూడిపోతాయి. తర్వాత బోర్డు నేలకు ముదురు రంగు. గాళ్ళలోపల మాత్రం పసుపు ఎనామెల్. ఎక్కడైనా వెంట్రుకంత చోట రేకు అంటకపోతే కింద పసుపు ఉంటుంది కాబట్టి కన్ను దాన్ని గుర్తించదు. తెల్ల అడుగు మీద అయితే ప్రతి సందూ కనిపిస్తుంది. ఇదంతా రెండు రోజులు గట్టిగా ఎండాలి.

రేకు

రేకు అంటించే జిగురును గోల్డ్ సైజు అంటారు. అవిసె నూనెతో తయారవుతుంది. త్వరగా పట్టుకు వచ్చే రకం ఉంది, పది పన్నెండు గంటలు పట్టే రకం ఉంది. నిదానంగా ఎండేదాని మీద బంగారానికి మెరుపు ఎక్కువ. సాయంత్రం పూసి పొద్దున్నే రేకు వెయ్యడం మా పద్ధతి.

సైజు పూసే ముందు బోర్డు నేల అంతటా టాల్కం పౌడరు పలుచగా రాసి తుడవాలి. లేకపోతే రంగుకు కూడా రేకు అంటుకుంటుంది. సైజు పలుచగా, అన్ని చోట్లా సమంగా, గాడి అడుగున నిలవకుండా పూయాలి. నిలిచిన చోట పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉంటుంది. రేకు వేస్తే మునిగి మసకబారుతుంది.

ఎప్పుడు సిద్ధమైందో గడియారం చెప్పదు. వానరోజుకు ఒక లెక్క, మార్చి ఎండకు ఒక లెక్క. వేలి కణుపు ఆనించి తియ్యాలి. వేలికి ఏమీ అంటకుండా, 'టిక్' అని చిన్న చప్పుడుతో వదిలితే అది సమయం. తడి అంటితే ఆగాలి. చప్పుడే లేకుండా జారిపోతే సమయం దాటింది, మళ్ళీ పూయాలి. ఈ చప్పుడు వినడం నేర్పడానికి నాకు మాటలు లేవు. మా వాడు ఆరు నెలలు రోజూ నా పక్కన నిలబడి విన్నాడు.

రేకులు పుస్తకంలా వస్తాయి. ఒక పుస్తకంలో 25. ఒక్కోటి సుమారు 8 సెంటీమీటర్ల చదరం. మేం వాడేది 23 క్యారెట్లది. పుస్తకం మొత్తంలో ఎంత బంగారం ఉందో మీరే లెక్కగట్టండి. ఒక రేకు వైశాల్యం 64 చదరపు సెంటీమీటర్లు, మందం సెంటీమీటరులో లక్షవ వంతు, బంగారం సాంద్రత 19.3. ఒక రేకు సుమారు 12 మిల్లీగ్రాములు, పుస్తకం సుమారు 0.3 గ్రాము. ఇంత కొంచెం బంగారానికి అంత ధరేమిటని అడిగేవాళ్ళకు ఇదే చెబుతాను. ధరలో బంగారం కన్నా దాన్ని అంత పలుచగా కొట్టిన పనితనం పాలు తక్కువేమీ కాదు.

రేకు వేసేటప్పుడు ఫ్యాను ఆపాలి, తలుపు మూయాలి, మాట్లాడకూడదు. ఉడుత వెంట్రుకలతో చేసిన వెడల్పాటి పలుచని బ్రష్షును చెంపకు ఒకసారి రాస్తే చర్మంలోని జిడ్డు కొంచెం అంటుతుంది. ఆ జిడ్డుకే రేకు లేచి వస్తుంది. గాడి మీద పరిచి, మెత్తని బ్రష్షుతో అడుగుకు నొక్కాలి. వంపుల్లో రేకు చిట్లుతుంది. చిట్లిన చోట రాలిన తునకలు వేసి పూడ్చాలి. తునకలను ఒక డబ్బాలో దాస్తాం. చివర దూదితో మెల్లగా రుద్దితే మెరుపు తేలుతుంది. దీని మీద వార్నిషు వెయ్యకూడదు. అసలు బంగారం ఎండకు, వానకు మారదు. మీద వేసిన వార్నిషు పసుపుబారి, పగిలి దాన్ని పాడుచేస్తుంది. నేల సరిగ్గా ఉంటే ఇరవై ఏళ్ళు చెయ్యి పెట్టనక్కర లేదు.

ఒక హాస్టలు బోర్డు

2011లో మా ప్రాంతంలోని ఒక విద్యార్థుల హాస్టలుకు బోర్డు చేశాను. పైన తమిళం, కింద 'విద్యార్థి నిలయం' అని తెలుగు. రెండు వరుసలూ కలిపి 13 అక్షరాలు. ఒక్కో అక్షరంలో గీత పొడుగు సగటున 50 సెంటీమీటర్లు, వెడల్పు ఒకటిన్నర. మొత్తం 975 చదరపు సెంటీమీటర్లు. రేకుకు 64 చొప్పున పదహారు రేకులు, అతుకులకు, వృథాకు మూడో వంతు కలిపితే ఇరవై ఒకటి. ఒక పుస్తకం చాలని కొన్నాను. నాకు 60 డిగ్రీల గాడి ఇష్టం. అంటే కావలసింది నిజానికి దాదాపు 41 రేకులు.

ముందు తమిళ వరుస వేశాను. తెలుగు వరుసలో మూడో అక్షరానికి వచ్చేసరికి పుస్తకం అయిపోయింది. పాత పనిలో మిగిలిన 14 రేకులు ఉన్నాయి, అవీ తీశాను. చివరికి 'ద్యా' కింద య ఒత్తు, 'ర్థి' కింద ఒత్తు, ఈ రెండూ మిగిలాయి. సైజు అప్పటికే 'టిక్' అంటోంది. పుస్తకం కావాలంటే బెంగళూరు పోవాలి. మరునాడే ప్రారంభోత్సవం. అలమరలో ఇత్తడి రేకు ఉంది. రాగి, జింకు కలిసిన దాన్ని బజారులో నకిలీ బంగారు రేకని అమ్ముతారు. కొత్తలో రెంటినీ పక్కపక్కన పెట్టినా తేడా తెలియదు. ఒత్తుల్లో అది వేసి, మీద వార్నిషు కొట్టాను. డబ్బు మాత్రం మొత్తం అసలు బంగారానికే తీసుకున్నాను. రెండు ఒత్తులే కదా అనుకున్నాను. చేసినవాడిని నేనే కాబట్టి ఇంకెవరికీ తెలియదనుకున్నాను.

మాకు నైరుతి వాన, ఈశాన్య వాన రెండూ పడతాయి. రెండేళ్ళలో వార్నిషు అంచులు లేచాయి. కింద ఇత్తడి నల్లబడింది. పై అక్షరాలు ధగధగ మెరుస్తుంటే కింద రెండు ఒత్తులు మాత్రం మసి పూసినట్టు. బోర్డు చూసిన ప్రతివాడి చూపూ నేరుగా అక్కడికే పోయేది.

ఒకరోజు రిటైరైన తెలుగు అయ్యవారు ఒకాయన షాపుకు వచ్చారు. నాకు మూడో తరగతిలో పాఠం చెప్పినవారు.

"ఏమప్పా, ఆ హాస్టలు బోర్డు నువ్వు చేసిందేనా?"

"అవును అయ్యవారూ."

"ఒత్తులు ఎందుకు నల్లబడ్డాయని చూస్తూ నిలబడితే ఇంకొకటి కనపడింది. విద్యార్థిలో చుక్క ఏది?"

నాకు అర్థం కాలేదు. ఆయన నా పెన్సిలు తీసుకుని చెక్కపేడు మీద రాసి చూపించారు. విద్యను అర్థించేవాడు విద్యార్థి. థ ఒత్తు కడుపులో చుక్క ఉంటుంది. నేను చెక్కింది ధ ఒత్తు, చుక్క లేనిది. హాస్టలువాళ్ళు ఇచ్చిన కాగితంలో సరిగ్గానే ఉంది. బజారులో సగం బోర్డుల మీద తప్పుగా రాసింది చూసీ చూసీ నా చెయ్యి దానికే అలవాటుపడింది. రెండేళ్ళుగా వందమంది విద్యార్థులు ఆ తప్పు కింద నుంచి రోజూ లోపలికి పోయి వస్తున్నారు.

అయ్యవారికి ఇత్తడి సంగతి కూడా చెప్పేశాను. ఆయన నన్ను తిట్టలేదు. "కమిటీవాళ్ళకు చెప్పావా?" అని మాత్రం అడిగారు. అదే రోజు సాయంత్రం పోయి చెప్పాను. నాకు ఇచ్చిన డబ్బులో కొంత వెనక్కి ఇస్తానన్నాను. వాళ్ళలో ఒకాయన డబ్బు వద్దు, బోర్డు బాగుచేసి పెట్టమన్నారు. ఇంకొకాయన ముఖం తిప్పుకున్నారు. ఆయన ఆ తర్వాత నాకు ఏ పనీ ఇవ్వలేదు. అది ఆయన హక్కు.

బోర్డు దించి షాపుకు తెచ్చాను. అదృష్టం ఏమిటంటే, ధను థ చెయ్యడానికి చుక్క పెడితే చాలు. అదే థను ధ చెయ్యాల్సి వచ్చి ఉంటే పలక మార్చాల్సిందే. చెక్కలో తీసింది మళ్ళీ పెట్టలేం. ఒత్తుల్లోని ఇత్తడిని గీకి, చెక్క కనబడేదాకా రుద్ది, ప్రైమరు నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. చుక్కకు గుండ్రని సన్న ఉలిని నిలబెట్టి చేత్తో తిప్పాను. శనగగింజంత గుంట పడింది. దానికీ మూడు పూతల ప్రైమరు, పసుపు, సైజు. ఒక రాత్రి ఆగి, పొద్దున్నే వేలు ఆనించి చూసి, డబ్బాలో దాచిన తునకల్లోంచి ఒకటి తీసి అందులో వేశాను. ఆ చుక్కకు గోటిలో సగం రేకు కూడా పట్టలేదు.

ఆ రోజు నుంచి మా షాపులో రెండు కొత్త నియమాలు వచ్చాయి. గీసిన కాగితం మీద ఆ భాష బాగా తెలిసినవారు ఒకరు సంతకం పెట్టాకే సుద్దమూట తీస్తాం. తెలుగుకు అయ్యవారు ఉన్నంతకాలం ఆయనే పెట్టారు. కన్నడానికి, తమిళానికి వేరే ఇద్దరున్నారు. రెండోది, రేకుల లెక్క గాడి గోడల కొలతతో వేసి, ఆ కాగితం గిరాకీకే ఇస్తాం. ఎన్ని రేకులు కొన్నాం, ఎన్ని వేశాం, ఎన్ని మిగిలాయో అందులో ఉంటుంది.

ఈ పని నేర్చుకోవాలనుకునే విద్యార్థులకు మొదట కావలసినవి తక్కువే. రెండు చదును ఉలులు, మూడు గుండ్రని ఉలులు, ఒక చెక్కసుత్తి, నూరుకునే రాయి, ఒక మెత్తని చెక్కపేడు. బంగారం ఇప్పుడే వద్దు. 'ర' పది, 'ప' పది చెక్కి, పసుపు ఎనామెల్ వేసి, పది అడుగుల దూరం నుంచి మీ స్నేహితుడిని చదవమనండి. వాడు 'ప'ను 'వ' అని చదివితే మళ్ళీ కాగితం దగ్గరికి పోవాలి. ఆదివారాల్లో హోసూరు వచ్చే పిల్లలకు మా షాపు తలుపు తెరిచే ఉంటుంది. బోర్డు లేదు కాబట్టి కాస్త అడుగుతూ రావాలి.

ఆ బోర్డు పని కూడా ఈమధ్యే మొదలైంది. మా అక్క కొడుకు కాగితం మీద గీస్తున్నాడు. పైన తమిళం, కింద తెలుగు. నాయన పేరే పెడుతున్నాం, అందులో 'ప' ఉంది. వాడు దాని తలకట్టు దగ్గరగా గీస్తున్నాడని రెండుసార్లు చెరిపించాను. మూడోది బాగానే ఉందనిపించింది. సంతకానికి పంపాలి.